పాస్‌పోర్టు రెన్యూవల్‌కు వెళ్లినప్పుడల్లా కొత్త కాగితం అడుగుతున్నారు, ఎవరికి చెప్పుకోవాలి?

జుబైల్_తమ్ముడు
మాఘంలో చెల్లెలి పెళ్లి. నా పాస్‌పోర్టు గడువు దగ్గర పడింది. ఇక్కడ సౌదీలో గడువు తక్కువున్న పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ రీ-ఎంట్రీ (ఊరికి వెళ్లి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి) రాదు కాబట్టి ముందే రెన్యూవల్ చేసుకుందామని ఫారం నింపి, అపాయింట్‌మెంట్ తీసుకుని, దరఖాస్తులు తీసుకునే సెంటర్‌కు వెళ్లాను. ఫొటో చెల్లదన్నారు. సరే, ఫొటో మార్చుకుని మళ్లీ వెళ్తే ఆధార్‌లో నాన్న ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాత పాస్‌పోర్టులో పొడి అక్షరమే ఉంది, డిక్లరేషన్ రాసి తెమ్మన్నారు. కాగితాలన్నీ మొదటిసారే చూశారు కదా, ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా? పోయిన ప్రతిసారీ జీతంలో కోత, పైగా టాక్సీ ఖర్చు. ఇంక సెలవు ఇవ్వనని ఫోర్‌మన్ తేల్చి చెప్పాడు. నాకే ఇలా అవుతోందా, అందరికీ ఇంతేనా? తెలిసినవాళ్లు దారి చెప్పండి.

సిరిసిల్ల_శీను
అందరికీ ఇంతే తమ్మీ. ఫొటో సంగతి మాత్రం కొత్త రూల్. 2025 సెప్టెంబర్ నుంచి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే ఫొటో ఉండాలంటున్నారు. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, ఫొటోలో 80 నుంచి 85 శాతం ముఖమే కనిపించాలి, నీడ పడకూడదు. క్యాంపు దగ్గర మొబైల్ షాపులో తీసేది పనికి రాదు. పాస్‌పోర్టు ఫొటోలు రోజూ తీసే స్టూడియోకే పో.

కువైట్_కడప
ఫొటో సరే. అసలు బాధ శుక్రవారం. మనకు దొరికే సెలవు అదొక్కటే, ఎంబసీకి సెలవూ అదే రోజు. ఎండలో కాంక్రీటు పని చేసేవాడు ఆదివారం నుంచి గురువారం లోపల రావాలంటే ఎలా వస్తాడు? వచ్చినవాడికి రెండు గంటలు నిలబెట్టాక "ఈ జిరాక్స్ లేదు, రేపు రా" అంటారు. రేపు అనే మాట వాళ్లకు తేలిక. మాకు అది ఒక రోజు కూలి.

డాలస్_వాసి
గల్ఫ్‌లోనే కాదు, ఇక్కడా అంతే. మొన్నమొన్నటి దాకా డాలస్ వాళ్లం కాగితాలన్నీ కొరియర్లో హ్యూస్టన్ పంపేవాళ్లం. ఏదో ఒకటి తక్కువైందని మెయిల్ వస్తుంది, అది పంపితే ఇంకొకటి తక్కువంటారు. కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే "మీ దరఖాస్తు ప్రాసెస్‌లో ఉంది" తప్ప ఇంకో మాట రాదు. 2025 ఆగస్టులో డాలస్, ఎడిసన్, రాలీ, శాన్‌హోసే లాంటి చోట్ల కొత్త సెంటర్లు తెరిచారు కాబట్టి కొంత నయం. నాన్నగారి పొలం అమ్మకానికి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, అది ఎక్కడ తిరుగుతుందోనని ఇప్పటి నుంచే టెన్షన్.

కువైట్_కడప
డాలస్ అన్నా, తప్పుగా అనుకోవద్దు. మీకు కాగితం ఆలస్యమైతే పని ఆలస్యమవుతుంది. మాకు పాస్‌పోర్టు గడువు దాటితే అకామా (ఇక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్) చిక్కుల్లో పడుతుంది. అకామా పోతే దారిలో పోలీసు చెకింగ్ వస్తే లోపలేస్తారు. రెండూ ఒకటి కాదు.

డాలస్_వాసి
ఒకటేనని నేను అనలేదు తమ్ముడూ. మీ కష్టం పెద్దదే. జవాబు చెప్పే మనిషి దొరకకపోవడం మాత్రం రెండు చోట్లా ఉంది.

దమ్మాం_పాతకాపు
ఇక్కడ చాలా ఏళ్లుగా మనవాళ్లకు కాగితాల పనిలో సాయం చేస్తున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

జుబైల్ తమ్ముడు వెళ్లింది ఎంబసీకి కాదు, ఎంబసీ తరఫున దరఖాస్తులు తీసుకునే ప్రైవేటు సెంటర్‌కు. కౌంటర్లో కూర్చున్న పిల్లలకు నిర్ణయం తీసుకునే అధికారం లేదు. వాళ్ల ముందు ఒక చెక్‌లిస్టు ఉంటుంది. అందులో మొదటి తేడా కనబడగానే అక్కడే ఆపేసి ఫైలు తిప్పి ఇచ్చేస్తారు, కింద ఇంకేం ఉందో చూడరు. అందుకే ఒక్కోసారి ఒక్కో కాగితం అడుగుతారు. మంజూరు చేసేది కాన్సులర్ అధికారి. ఇంటిపేరు, పొడి అక్షరాల తేడాలు మన తెలుగువాళ్లకు సర్వసాధారణమని ఆయనకు తెలుసు. ఆయన దాకా ఫైలు వెళ్తే చాలావరకు సొంత డిక్లరేషన్‌తోనే అయిపోతుంది.

సౌదీ పెద్ద దేశం. ఉన్నవి రియాద్‌లో ఎంబసీ, జిద్దాలో కాన్సులేటు, అంతే. దమ్మాం నుంచి రియాద్ 400 కిలోమీటర్లు. తబూక్ వాళ్లు జిద్దా రావాలంటే దాదాపు 1000. అందుకే ఎంబసీ టీమ్ అప్పుడప్పుడు జుబైల్, బురైదా, హాయిల్ లాంటి ఊళ్లకు వచ్చి కాన్సులర్ క్యాంపు పెడుతుంది, ఎక్కువగా సెలవు రోజుల్లోనే. తేదీలు ఎంబసీ వెబ్‌సైటులో, ఫేస్‌బుక్ పేజీలో వేస్తారు. తమ్ముడూ, ఆ క్యాంపుకు పో. అధికారి ఎదురుగానే ఉంటాడు.

ఇంకొక మాట. ఉన్న కొద్దిమంది సిబ్బంది మీద ఎంత పని పడుతుందో నేను కళ్లారా చూశాను. అందరూ నిర్లక్ష్యం చేస్తున్నారనడం న్యాయం కాదు.

కువైట్_కడప
పాతకాపు గారూ, మీరు చేసే సేవకు దండం. సిబ్బంది తక్కువ అన్న మాట మాత్రం మేం వచ్చిన రోజు నుంచీ వింటున్నాం. ఫీజు కడుతున్నాం, సెంటర్ వాడి సర్వీస్ చార్జీ కడుతున్నాం, కొరియర్‌కు, ఎస్సెమ్మెస్‌కు విడిగా కడుతున్నాం. ఇంత తీసుకుని, కావలసినవన్నీ ఒకే కాగితం మీద రాసివ్వడానికి సిబ్బంది ఎందుకు? ఒక్కసారి ప్రింటు తీసి గోడకు అంటిస్తే చాలదా? అదీ తెలుగులో. కౌంటర్లో హిందీ వస్తుంది, మలయాళం వస్తుంది, రాయచోటి నుంచి వచ్చినవాడికి రెండూ రావు.

మస్కట్_మల్లేశ్
గోడకు తెలుగులో లిస్టు అంటించాలన్న మాటకు నా ఓటు కూడా.

ఫహాహీల్_లక్ష్మి
మీరంతా రెన్యూవల్ గురించి మాట్లాడుతున్నారు. పాస్‌పోర్టు చేతిలోనే లేని ఆడవాళ్ల సంగతి చెబుతాను. ఇక్కడ కువైట్‌లో మా పక్క బిల్డింగులో ఇంటిపనికి వచ్చిన కోనసీమ అమ్మాయి ఉండేది. పాస్‌పోర్టు కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని) దగ్గరే. ఫోను కూడా లాక్కున్నారు. జీతం అడిగినందుకు కొట్టారు. చెత్త సంచీ పారేయడానికి కిందికి దిగినప్పుడు, మా వాచ్‌మన్ దగ్గర చీటీ ముక్క అడిగి వాళ్ల అమ్మ ఫోన్ నంబర్ రాసి నా చేతిలో పెట్టింది. అక్షరాలు వణికిపోయి ఉన్నాయి, చివరి అంకె రెండుసార్లు దిద్దింది. ఆ నంబరుకు ఫోన్ చేసి, వాళ్లవాళ్లను కనుక్కుని, చివరకు ఆమెను ఎంబసీ దాకా చేర్చాం.

అక్కడ తేలిందేమిటంటే ఆమె పేరు మన ప్రభుత్వం రికార్డుల్లో ఎక్కడా లేదు. 30 ఏళ్ల లోపు ఆడవాళ్లు ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లే ముందు మన ప్రభుత్వం అనుమతి కావలసింది) మీద గల్ఫ్‌కు పనికి వెళ్లడానికి క్లియరెన్స్ ఇవ్వరు. అందుకని ఏజెంటు విజిట్ వీసా మీద పంపేశాడు. కాంట్రాక్టు లేదు, విదేశాలకు పనికి వెళ్లేవాళ్లను మన ప్రభుత్వం నమోదు చేసే ఈ-మైగ్రేట్‌లో పేరు లేదు. పైగా పారిపోయిందని కఫీల్ కేసు పెట్టాడు. ఎంబసీ వాళ్లు షెల్టర్ ఇచ్చారు, పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి వెళ్లడానికి ఇచ్చే అవుట్‌పాస్ రాసిచ్చారు. ఆ కేసు తేలి, ఇక్కడి ప్రభుత్వం వేలిముద్రలు తీసుకుని వదిలితేనే విమానం ఎక్కాలి. నెలల తరబడి ఆగింది పాపం.

కాబట్టి నేను ఎంబసీ ఒక్కదాన్నే అనను. ఆ అమ్మాయి ఊళ్లో ఏజెంటు ఇంకా దర్జాగా తిరుగుతున్నాడు. నాకు ఆ కోపం ఎక్కువ.

రాయచోటి_రహీం
లక్ష్మక్కా, మంచి పని చేశావు. మా ఊళ్లలోనూ ఇదే కథ. లైసెన్స్ ఉన్న ఏజెంటా కాదా అని ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చని ఎవరికీ తెలియదు. 2024లో కువైట్ ఆమ్నెస్టీ (అకామా లేనివాళ్లకు క్షమాభిక్ష) ఇచ్చినప్పుడు మార్చి నుంచి జూన్ దాకా అవుట్‌పాస్ కోసం జనం ఎలా నిలబడ్డారో చూశాను. అందులో సగం మంది చేతిలో పాస్‌పోర్టు జిరాక్స్ కూడా లేదు. ఎవరు వచ్చినా ముందు చెప్పేది ఇదే. పాస్‌పోర్టు, వీసా పేజీలు ఫొటో తీసి ఇంటికి వాట్సాప్‌లో పంపండి. అవుట్‌పాస్ అంటే ఇండియాకు ఒకవైపు ప్రయాణానికే, దానికీ మీరు భారతీయులేనని చూపించే రుజువు ఏదో ఒకటి కావాలి.

జుబైల్_తమ్ముడు
పాతకాపు అన్నా, క్యాంపు తేదీ చూశాను, వచ్చే నెలలో ఉంది. సెంటర్ వాళ్లను ఎందుకు తిప్పి పంపుతున్నారో రాసివ్వమంటే ఇవ్వలేదు. అలా అడిగే హక్కు మనకు ఉందా?

దమ్మాం_పాతకాపు
అడుగు. ఇవ్వకపోతే అదే రోజు ఎంబసీ కాన్సులర్ విభాగానికి మెయిల్ పెట్టు. దరఖాస్తు నంబరు, తేదీ, కౌంటర్లో ఏమన్నారు, అంతే రాయి. పొడుగ్గా తిడుతూ రాస్తే చదవరు. ఆ తర్వాత మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయి. 2015లో విదేశాంగ శాఖ పెట్టింది ఇందుకే. నంబరు ఇస్తారు, దాంతో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

కువైట్_కడప
మదద్‌లో నేనూ వేశాను. "మీ కంపెనీకి పంపాం" అని రాసి మూసేశారు. ఏ కంపెనీ మీద ఫిర్యాదు చేశానో ఆ కంపెనీకే!

దమ్మాం_పాతకాపు
జీతం గొడవల్లో అలా జరుగుతుంది, కాదనను. ఎంబసీ ఇక్కడ కోర్టు కాదు, లేబర్ ఆఫీసుకు వెళ్లాల్సింది నువ్వే. కాకపోతే మూసేసిన ఫిర్యాదును మళ్లీ తెరిపించొచ్చు. రెండోసారి లేబర్ కేసు నంబరు కూడా రాయి. కాగితం మీద నంబరు ఉన్న పనికే కదలిక ఉంటుంది.

మస్కట్_మల్లేశ్
ఎంబసీ మీద మంచి మాట కూడా ఒకటి చెప్పాలి. మా రూమ్మేట్ గుండెపోటుతో పోయాడు, అదీ గురువారం సాయంత్రం. రెండు రోజులు ఆఫీసులు ఉండవు, ఇంటి దగ్గర వాళ్ల నాన్న ఫోన్ మీద ఫోన్. ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేస్తే డ్యూటీ అధికారి ఎత్తాడు. శవాన్ని ఊరికి పంపడానికి ఏ కాగితం తర్వాత ఏది కావాలో వరుసగా చెప్పి, వాట్సాప్‌లో కూడా పంపాడు. ఇక్కడి డెత్ సర్టిఫికెట్, పోలీసు రిపోర్టు, ఎంబామింగ్ (శవం పాడవకుండా చేయడం) సర్టిఫికెట్, ఇంటివాళ్ల సమ్మతి పత్రం, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ ఎన్‌ఓసీ. 2023 నుంచి ఈ-కేర్ పోర్టల్‌లో కూడా ఎక్కించాలి, అప్పుడే ఇండియా ఎయిర్‌పోర్టు హెల్త్ వాళ్ల క్లియరెన్స్ వస్తుంది. శంషాబాద్ నుంచి ఊరికి అంబులెన్సు ప్రభుత్వం నుంచే వచ్చింది.

అదే ఓపిక, అదే వరుస మామూలు రోజుల్లో కౌంటర్ దగ్గర ఎందుకు ఉండదనేదే నా బాధ. చచ్చిపోయాక చెప్పినంత వివరంగా బతికున్నవాడికి చెప్పరా?

సిరిసిల్ల_శీను
మల్లేశన్నా, ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

మస్కట్_మల్లేశ్
కంపెనీ. కంపెనీ పెట్టుకోకపోతే, ఇంటివాళ్లకు శక్తి లేకపోతే ఐసీడబ్ల్యూఎఫ్ నుంచి అడగొచ్చు. విదేశాల్లో ఉన్న భారతీయుల కోసం 2009లో పెట్టిన సంక్షేమ నిధి అది. పాస్‌పోర్టు రసీదు తీసి చూడు, ఆ పేరుతో కొంత మొత్తం విడిగా కనిపిస్తుంది. అంటే అందులో మన డబ్బే ఉంది. అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

రాయచోటి_రహీం
ఈసీఆర్ మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో పోతే 10 లక్షలు. పాలసీ కాగితం ఏజెంటు దగ్గరే ఉండిపోతుంది, ఇంటివాళ్లకు అసలు తెలియదు. మీ పాలసీ నంబరు ఇవాళే ఇంటికి పంపండి.

సీటెల్_సుధ
ఇవన్నీ చదువుతుంటే మా ఇబ్బందులు చిన్నవే అనిపిస్తోంది. అయినా ఒకటి చెబుతాను. నాకు అమెరికా పౌరసత్వం వచ్చింది, ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేశాను, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లు వీసా లేకుండా ఇండియా రావడానికి ఇచ్చేది) ఇంకా రాలేదు. ఆ మధ్యలో అమ్మకు బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. ఎమర్జెన్సీ వీసా అడిగితే హాస్పిటల్ ఉత్తరం లెటర్‌హెడ్ మీద లేదన్నారు. ఐసీయూ బయట కూర్చున్న తమ్ముడు రాత్రిపూట డాక్టర్‌ను బతిమాలి రాయించుకొచ్చాడు. వీసా వచ్చింది, అమ్మను చూశాను. ఇప్పుడు కోలుకుంది. ఆ ఒక్క రాత్రి మా ఇంట్లో ఎవరం ఎలా గడిపామో ఆ కౌంటర్లో మనిషికి తెలియదు.

2023 నవంబర్‌లో ఇక్కడ కాన్సులేటు రాక ముందు అన్నిటికీ శాన్‌ఫ్రాన్సిస్కోనే. వాళ్లు వచ్చాక మార్పు ఉంది, అదీ చెప్పాలి.

డాలస్_వాసి
సుధ గారూ, అమ్మగారు కోలుకున్నందుకు సంతోషం. పిల్లల ఓసీఐ సంగతి మీకు తెలుసా? పాస్‌పోర్టు మారినప్పుడల్లా కార్డు కూడా మార్చాలని ఒకాయన భయపెట్టాడు.

సీటెల్_సుధ
అది పాత లెక్క. 2021లో మార్చారు. 20 ఏళ్లు నిండే దాకా పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్త పాస్‌పోర్టు కాపీ, ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే చాలు, మూడు నెలల లోపు. దానికి ఫీజు లేదు. 20 దాటాక పాస్‌పోర్టు మారితే ఒక్కసారి కార్డు కొత్తది తీసుకోవాలి.

గుంటూరు_వకీలు
డాలస్ గారి పవర్ ఆఫ్ అటార్నీ గురించి. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 33 ప్రకారం ఇండియా బయట ఉన్నవాళ్లు నోటరీ ముందు గానీ, కోర్టు ముందు గానీ, ఇండియన్ కాన్సుల్ ముందు గానీ సంతకం చేసి ధ్రువీకరణ తీసుకోవచ్చు. మన దేశానికి 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందం (ఒక దేశం ముద్ర వేసిన కాగితాన్ని మిగతా సభ్య దేశాలు ఒప్పుకునేది) వర్తిస్తోంది, అమెరికా కూడా అందులో ఉంది. కాబట్టి అక్కడి నోటరీ చేసి, రాష్ట్ర ప్రభుత్వం అపోస్టిల్ వేసిన కాగితం చట్టం ప్రకారం చెల్లుతుంది. కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇది మర్చిపోయి ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ.

చట్టం అలా ఉన్నా కొందరు సబ్‌రిజిస్ట్రార్లు కాన్సులేటు ముద్ర ఉంటేనే తీసుకుంటామంటారు. అందుకని పంపే ముందే పొలం ఏ ఆఫీసు కిందకు వస్తుందో అక్కడ కనుక్కోండి. కువైట్, యూఏఈ, ఖతర్ వాళ్లకు అపోస్టిల్ దారి లేదు, ఆ దేశాలు ఒప్పందంలో లేవు. సౌదీ 2022లో చేరింది.

డాలస్_వాసి
వకీలు గారూ, పెద్ద సాయం చేశారు. రేపే మా బాబాయిని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు పంపుతాను.

సిరిసిల్ల_శీను
ఇంకొకటి. మావైపు చాలామందికి పాస్‌పోర్టులో ఒక్కటే పేరు, ఇంటిపేరు గడి ఖాళీ. 2022 నవంబర్‌లో యూఏఈ ఒక్కటే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వనంది. మా బావమరిదిని ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపారు. తర్వాత వెనక పేజీలో తండ్రి పేరు ఉంటే సరే అన్నారు. రెన్యూవల్‌కు ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఇంటిపేరు గడి నింపించుకోండి. జుబైల్ తమ్మీ, నువ్వు కూడా.

కువైట్_కడప
నా మాట ఇది. కేరళ 1996లోనే ప్రవాసులకు ప్రత్యేక శాఖ పెట్టుకుంది. మలయాళీకి కష్టం వస్తే ముందు వాళ్ల సంఘం వస్తుంది, వెనకాల వాళ్ల ప్రభుత్వం అడుగుతుంది. మనవాళ్లు ఇక్కడ ఇంతమంది ఉండీ అడిగే గొంతు లేదు.

దమ్మాం_పాతకాపు
అసలే లేదనకు. ఆంధ్రాకు ప్రవాసుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. హైదరాబాద్‌లో 2024 నుంచి ప్రవాసీ ప్రజావాణి నడుస్తోంది, ఇంటివాళ్లు అక్కడికి వెళ్లి అర్జీ ఇవ్వొచ్చు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ 5 లక్షలు ఇస్తోంది. చాలదు, నిజమే. కువైట్ ఎంబసీలో ఓపెన్ హౌస్ (అధికారులకు నేరుగా సమస్యలు చెప్పుకునే సమావేశం) పెడతారు కదా, తెలుగు లిస్టు సంగతి అక్కడ నువ్వే అడుగు. పదిమంది సంతకాలతో వెళ్లు.

కువైట్_కడప
వెళ్తాను. లిస్టు మేమే తెలుగులో రాసి, ప్రింటు తీసి ఇస్తాం. అంటించడానికి ఒప్పుకుంటే చాలు. ఫహాహీల్ లక్ష్మక్కా, మీరూ రండి, ఆడవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు కావాలి.

ఫహాహీల్_లక్ష్మి
తప్పకుండా వస్తాను.

జుబైల్_తమ్ముడు
క్యాంపుకు వెళ్లొచ్చాను. అధికారి కాగితాలన్నీ ఒకసారి తిరగేసి, డిక్లరేషన్ అక్కడే రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ఇంటిపేరు కూడా కలిపారు. ఫొటోకు వంక పెట్టలేదు, శీనన్న చెప్పిన కొలతలే. ఇక ఊళ్లో పోలీసు వెరిఫికేషన్ ఉంటుందన్నారు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, ఏం చెప్పాలి?

దమ్మాం_పాతకాపు
నీ ఆధార్ కాపీ, పాత పాస్‌పోర్టు జిరాక్స్, రెండు ఫొటోలు అమ్మ దగ్గర పెట్టించు. పోలీసులు వస్తే "నా కొడుకే, సౌదీలో ఉన్నాడు, ఊరు ఇదే" అని చెబితే చాలు. ఇల్లు తాళం వేసి ఉంటే అడ్రసులో లేడని రాసేస్తారు, దాంతో ఫైలు ఆగుతుంది. పక్కింటివాళ్లకు కూడా ఒక మాట చెప్పి ఉంచమను.

సీటెల్_సుధ
జుబైల్ తమ్ముడూ, చెల్లెలికి మా అందరి ఆశీస్సులు. పెళ్లి ఫొటోలు ఇక్కడ పెట్టాలి.

దోహా_కొత్తకాపురం
ఇప్పుడే ఈ చర్చ చూశాను. మాకు పోయిన నెల పాప పుట్టింది. ఇక్కడి బర్త్ సర్టిఫికెట్ వచ్చింది. ఊరికి వెళ్లాక అక్కడే పాస్‌పోర్టు తీసుకుందాం, తొందరేముంది అంటున్నారు మావారు. అది సరేనా?

గుంటూరు_వకీలు
సరి కాదమ్మా. పాపకు ప్రయాణానికే పాస్‌పోర్టు కావాలి కాబట్టి ముందు అక్కడే చేయించాలి. అంతకన్నా ముఖ్యం, 2004 డిసెంబర్ 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ భారత పౌరసత్వం కోసం ఏడాది లోపు అక్కడి ఎంబసీలో జననం నమోదు కావాలి. ఏడాది దాటితే కేంద్రం అనుమతి తెచ్చుకోవాలి, అది పెద్ద తిరుగుడు. బర్త్ సర్టిఫికెట్, మీ ఇద్దరి పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్ పెట్టుకుని ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పాప పేరు స్పెల్లింగ్, మీ ఇద్దరి పేర్ల స్పెల్లింగ్ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో బయలుదేరే ముందు చూసుకోండి.